గెలుపు సంగతి పెద్దోళ్లు చూసుకుంటారు

యుద్ధం వార్త వచ్చినప్పుడు మా క్రైస్తవ సంఘాల్లో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది విజ్ఞాపన ప్రార్థన చేసేవాళ్లు. వాన లేకపోతే వాన అడుగుతాం. తుపాను వస్తుంటే మన తీరం తప్పించమని అడుగుతాం (అది మచిలీపట్నం మీదికి పోతే అక్కడా మన విశ్వాసులే ఉన్నారన్న సంగతి ఆ నిమిషంలో గుర్తుండదు). యుద్ధం దగ్గరికి వచ్చేసరికి నోరు తడబడుతుంది. "మన సైనికులకు తోడుగా ఉండు ప్రభువా" అనేవరకు సంఘమంతా గట్టిగా ఆమేన్ అంటుంది. ఆ తర్వాత ఏమడగాలి? గెలుపా, శాంతా, అవతలివాళ్ల నాశనమా? అవతలివాళ్లలోనూ ప్రార్థన చేసేవాళ్లు ఉంటే వాళ్ల సంగతేంటి?

నేను ఒంగోల్లో ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను, రిటైర్మెంటు దగ్గరపడింది. మా బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజం సెక్రటరీని. సెక్రటరీ అంటే పెద్ద పదవి అనుకునేరు. చాపలు పరిపించడం, టీ చెప్పడం, ప్రార్థనాంశాల చీటీలు పోగు చేసి చదవడం. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ చీటీలే.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వాళ్లలో ఒకరిది మా పక్కనే ఉన్న కావలి. ఆ వారం కావలి కూడా ఏడ్చింది. మే 7న మన సైన్యం పాకిస్తాన్ మీద దాడులు మొదలుపెట్టింది. ఆ రోజుల్లోనే మా దగ్గర వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) నడుస్తోంది. నోవహు పావురం కత్తిరించమని ఇచ్చిన చార్టు ముక్కలతో మగపిల్లలు డ్రోన్లు చేసి ఒకరి మీద ఒకరు వేసుకుంటున్నారు. వాళ్లను కసరడానికి కూడా మనసు రాలేదు. ఇళ్లలో టీవీ పొద్దున్నుంచి రాత్రి దాకా అదే చూపిస్తుంటే పిల్లలు పావురాలు ఎందుకు చేస్తారు? సంఘం వాట్సాప్ గ్రూపులో పెద్దవాళ్లు కూడా తక్కువ తినలేదు. చేతులకు యుద్ధం నేర్పే దేవుడని దావీదు పాడిన కీర్తన ఒకరు పెట్టారు. శత్రువులను ప్రేమించమన్న మాట ఇంకొకరు పెట్టారు. కింద మాటా మాటా పెరిగింది. అడ్మిన్ రెండూ తీసేసి గులాబీ పువ్వుతో శుభోదయం పెట్టాడు.

ఆ శుక్రవారం సాయంత్రం కూడికలో చీటీలు వచ్చాయి. ఎప్పుడూ ఉండేవే ఎక్కువ. మోకాళ్ల నొప్పులు, కోడలికి సంతానం, అబ్బాయి వీసా, పొగాకు రేటు. వాటి మధ్య ఒక చీటీలో "శత్రువు నామరూపాలు లేకుండా పోవాలి" అని ఉంది. ఇంకో దాంట్లో "రెండు వైపులా పసిబిడ్డలకు ఏమీ కాకూడదు" అని ఉంది. రెండూ చదివాను. రెండోది చదవగానే ఒక పెద్దామె అందుకుంది.

"ఏంది టీచరమ్మా, వాళ్ల కోసం కూడా మనం మోకాళ్లేయాల్నా? కావలి ఇంట్లో ఏడుపు ఇంకా ఆగనే లేదే!"

ఆమె కోపంలో దొంగతనమేమీ లేదు. పేపర్లో ఫొటో చూసి ఆమె రెండు పూటలు అన్నం తినలేదని నాకు తెలుసు. ఏం చెప్పాలా అని నేను చూస్తుంటే, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒకామె చెయ్యెత్తింది. వాళ్లది గిద్దలూరు అవతల ఊరు. ఆ వైపు, కంభం వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు సైన్యంలో ఉంటారు. ఈమె కొడుక్కి జమ్మూ దగ్గర డ్యూటీ. ఫోను కలవడం లేదు.

"అక్కా, మావాడి పేరు చెప్పి ప్రార్థన చెయ్యండి. గెలుపు సంగతి ఆ పెద్దోళ్లు చూసుకుంటారులే" అంది.

ఆ గదిలో యుద్ధంతో నిజంగా సంబంధం ఉన్నది ఆమె ఒక్కదానికే. నామరూపాలు లేకుండా పోవాలన్న చీటీ ఆమెది కాదు. నేను ఆ అబ్బాయి పేరు చెప్పాను. తర్వాత సరిహద్దుకు ఇటూ అటూ ఇళ్లకు తిరిగి రావాల్సినవాళ్లందరినీ పేర్లు లేకుండా చెప్పాను. పెద్దామె ఆమేన్ అనలేదు. టీ మాత్రం తాగింది.

మర్నాడు సాయంత్రం కాల్పుల విరమణ వార్త వచ్చింది. ఆదివారం స్తోత్రాలు చెల్లించాం. ఆ మరుసటి వారం నుంచి మళ్లీ మోకాళ్ల నొప్పులు, వీసాలు. నాకు మాత్రం ఆ చీటీలు మనసులో నుంచి పోలేదు. దానికి మా పుట్టింటి సంగతి ఒకటి కారణం.

మాది నాయుడుపేట. పుట్టింటివాళ్లు లూథరన్లు, అది ఇంకో క్రైస్తవ శాఖ. ఒంగోలు, కావలి, నెల్లూరు పట్టణం అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసిన చోట్లయితే, నెల్లూరుకు దిగువన గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషను పనిచేసింది. 1860ల్లో ఆగస్ట్ మిలియస్ అనే ఆయనతో అది మొదలైంది. మా అవ్వ వాళ్ల నాయన మిషనరీ దొరగారి బంగళాలో తోటపని చేసేవాడు. దొరసాని దగ్గర మా అవ్వ ఊలు అల్లడం నేర్చుకుంది. నాయుడుపేట ఎండలకు ఊలు ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు, అయినా నేర్చుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో, 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించింది. హార్బరు దగ్గర చమురు ట్యాంకులు అంటుకున్నాయి. పట్నం నుంచి జనం దొరికిన బండి ఎక్కి బయటపడ్డారు. నాయుడుపేట ఆ రైలు దారిలోనే ఉంది. స్టేషన్లో దిగినవాళ్లు చెప్పిన మాటలు ఊరంతా పాకాయి. మా అవ్వకు ఆరేడేళ్లు. ఆమె కథల్లో ఎండెన్ ఓడలాగా ఉండేది కాదు, మీసాలున్న మనిషిలాగా ఉండేది. అన్నం తినకపోతే ఎండెన్ వస్తాడని మాకు చెప్పేది.

ఆ ఓడ జర్మనీది. దొరగారిదీ జర్మనీయే. ఆదివారం రొట్టె, ద్రాక్షారసం ఇచ్చిన మనిషి శత్రుదేశస్థుడయ్యాడు. బ్రిటిష్ ప్రభుత్వం దేశంలోని జర్మన్ మిషనరీలను అనుమానంతో చూసింది, కదలికల మీద ఆంక్షలు పెట్టింది. చాలామంది మగవాళ్లను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టింది, తర్వాత కుటుంబాలతో ఓడ ఎక్కించి పంపేసింది. మా వైపు బంగళాకు తాళం పడింది. అవ్వ చెప్పిన దాంట్లో నాకు బాగా గుర్తుండేది ఉపదేశిగారి (దొర కింద పనిచేసే తెలుగు బోధకుడి) సంగతి. దొరగారు వెళ్లిపోయాక మొదటి ఆదివారం ఆయన ప్రార్థన చేయాలి. బ్రిటిష్ చక్రవర్తి జార్జి విజయం కోసం చేయమని పైనుంచి మాట వచ్చింది. వెనక వరుసలో ఎవరో కొత్త మనిషి కూర్చున్నాడు, పోలీసు మనిషని అందరికీ అనుమానం. ఉపదేశిగారు చక్రవర్తి పేరు చెప్పాడు. తర్వాత కాసేపు ఆగి "ప్రయాణంలో ఉన్న నీ సేవకుని కూడా" అన్నాడట. పేరెత్తలేదు. సంఘానికంతటికీ అర్థమైంది.

యుద్ధం అయ్యాక ఆ మిషను పనిని అమెరికాలోని ఒహాయో లూథరన్లు తీసుకున్నారు. ఇప్పుడది సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘం. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక వాక్యం. మా ఇంట్లో మాత్రం ఊలు సూదులు చాలా ఏళ్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి.

ఉపదేశిగారు శాంతి స్థాపించలేదు. ఆయన వల్ల ఒక్క తూటా కూడా ఆగలేదు. అయినా చక్రవర్తి పేరు పక్కన ఆ మనిషిని పెట్టాడు. మా శుక్రవారం కూడికలో చీటీ చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే. అయితే ప్రార్థనలో ఒక మాట కలపడంతో మన పని అయిపోయిందా అన్నది నా గొడవ. ఏటా క్రిస్మస్‌కు 1914లో కందకాల్లోంచి లేచొచ్చి కలిసి పాటలు పాడుకున్న రెండు పక్షాల సైనికుల కథ చెబుతాం. బాగుంటుంది. ఆ పాటల తర్వాత వాళ్లు ఇంకా నాలుగేళ్లు కాల్చుకున్నారు, అది మాత్రం చెప్పం.

జూన్‌లో మా అయ్యగారు (పాస్టరు) పిలిచి, "టీచరమ్మా, మీరు సోషల్ కదా, యువజనుల కూడికలో ఈ యుద్ధం, శాంతి సంగతి చెప్పండి. నేను చెబితే ఏదో ఒక పక్షం అంటారు" అన్నారు. తనకు రావాల్సిన తిట్లు నాకు అప్పజెప్పారన్నమాట. సరేనన్నాను.

క్రైస్తవుల్లో యుద్ధం గురించి ఒక్క మాట ఎప్పుడూ లేదని ముందే చెప్పాను. టెర్టూలియన్ లాంటి తొలినాటి రచయితలు విశ్వాసికి కత్తి తగదన్నారు. తర్వాత అగస్టీన్ వచ్చి, కొన్ని పరిస్థితుల్లో, న్యాయమైన కారణం ఉంటే, అధికారం ఉన్నవాళ్లు చేసే యుద్ధాన్ని ఒప్పుకోవచ్చన్నాడు. ఎక్కువ సంఘాలు ఆ దారిలోనే నడిచాయి, మన బాప్టిస్టులూ అంతే. 1520ల్లో యూరప్‌లో పుట్టిన అనాబాప్టిస్టుల్లో చాలామంది మాత్రం ఆయుధం పట్టబోమన్నారు. వాళ్ల వారసులే మెనొనైట్లు. ఈ మాట విని పిల్లలు అదెక్కడో దూరదేశం సంగతనుకున్నారు. తెలుగు నేలకు మెనొనైట్లు వచ్చింది మన బాప్టిస్టు మిషను ద్వారానే. అబ్రహాం ఫ్రీసన్ అనే ఆయన రష్యా నుంచి వచ్చి 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు సొసైటీ కిందే నల్గొండలో పనిచేశాడు. ఇవాళ పాలమూరు వైపున్న మెనొనైట్ బ్రెదరెన్ సంఘాలు కూడా ఆ మెనొనైట్ల కుదురువే. బలవంతపు సైనిక సేవ ఒప్పుకోలేక 1870ల్లో రష్యా వదిలి వేలమంది అమెరికా, కెనడా వెళ్లిపోయిన జాతి అది. మన సండేస్కూల్లో దానియేలు సింహాల గుహ ఏటా చెప్పుకుంటాం, వీళ్ల పేరు మాత్రం నేను డిగ్రీ అయ్యాక విన్నాను.

నేనేమీ మెనొనైటును కాను. మా మరిది సుబేదారుగా రిటైరయ్యాడు. అతని పెన్షను పాపపు సొమ్మని ఎవరైనా అంటే నేనే ముందు లేస్తాను. దేశానికి సైన్యం అక్కర్లేదనడం నాకు చేతకాదు. కానీ సైన్యం పని సైన్యం చేస్తుంటే సంఘం పని సంఘం చేయాలి కదా. ఆ పని ఏమిటో మనం నేర్చుకోలేదు.

దాన్ని నేర్చుకున్నవాళ్లు మన దేశంలోనే ఉన్నారు, అదీ బాప్టిస్టులే. నాగాలాండ్. 1872లో అక్కడికి వెళ్లిన ఇ. డబ్ల్యు. క్లార్క్ కూడా అమెరికన్ బాప్టిస్టే. అంటే మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరను పంపిన ఇంటివాళ్లే ఆయన్నీ పంపారు. 1950ల నుంచి అక్కడ స్వతంత్రం కావాలన్న నాగా సాయుధ దళాలకూ భారత సైన్యానికీ మధ్య పోరు. ఊళ్లు కాలాయి, ధాన్యం కొట్లు కాలాయి, జనం అడవుల్లో తలదాచుకున్నారు. 1963 డిసెంబరులో నాగాలాండ్ రాష్ట్రం వచ్చింది, పోరు మాత్రం ఆగలేదు. 1964 మొదట్లో వోఖాలో బాప్టిస్టు సంఘాల మహాసభ జరిగింది. అక్కడ వాళ్లు ప్రార్థనతో సరిపెట్టలేదు. ఇరుపక్షాలూ నమ్మగలిగే మనుషులు కావాలని తీర్మానించి ముగ్గురిని పిలిచారు. ఒకరు జయప్రకాశ్ నారాయణ్. ఇంకొకరు అప్పటి అస్సాం ముఖ్యమంత్రి బి. పి. చాలిహా. మూడోవారు మైఖేల్ స్కాట్ అనే ఆంగ్లికన్ పాదిరి. ఒక సర్వోదయ నాయకుడు, ఒక కాంగ్రెస్ ముఖ్యమంత్రి, ఒక ఇంగ్లీషు పాదిరి! మన సంఘ పెద్దలైతే వీళ్లలో రక్షణ పొందిన విశ్వాసులెవరు అని మొదట అడిగేవాళ్లు.

ఆ ముగ్గురూ ఇటూ అటూ తిరిగారు. ఢిల్లీతో మాట్లాడారు, అడవిలో ఉన్నవాళ్లతో మాట్లాడారు. 1964 సెప్టెంబరు 6 నుంచి కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. అది ఆదివారం. ఎన్నో ఏళ్ల తర్వాత జనం భయం లేకుండా పొలానికి, గుడికి వెళ్లిన రోజు.

ఇక్కడ ఆపేస్తే మంచి సాక్ష్యం అవుతుంది. కానీ ఆపకూడదు. చర్చలు సాగి సాగి ఫలితం లేకుండా పోయాయి. శాంతి బృందం 1966లోనే విచ్ఛిన్నమైంది. స్కాట్‌ను మన ప్రభుత్వమే దేశం నుంచి పంపేసింది. 1972లో విరమణ ముగిసింది. ప్రభుత్వంతో కుదిరిన 1975 షిల్లాంగ్ ఒప్పందాన్ని కొందరు ఒప్పుకున్నారు, కొందరు ద్రోహమన్నారు, నాగాల్లో నాగాలకే పడని రోజులు వచ్చాయి. ఈ మొత్తం కాలంలో లాంగ్రి ఆవో అనే బాప్టిస్టు పాస్టరు లాంటివాళ్లు అడవికీ ఊరికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. 2008లో నాగా వర్గాలను ఒకచోట కూర్చోబెట్టడానికి మళ్లీ ఒక వేదిక పెట్టుకోవాల్సి వచ్చింది. దాన్ని నడిపిన వాటి అయర్ కూడా బాప్టిస్టు దైవశాస్త్ర పండితుడే. అంటే తాత మొదలుపెట్టిన పని మనవడి దాకా వచ్చింది, ఇంకా పూర్తి కాలేదు. శాంతి పని చేసేవాళ్ల మీద రెండు వైపుల నుంచీ అనుమానం ఉంటుంది, జీతం ఉండదు, ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల్లో ఉత్సాహం తగ్గడం కళ్లారా చూశాను. తగ్గితే తగ్గనీ అనుకున్నాను. ఉత్సాహం పెంచే ప్రసంగాలు వాళ్లకు ప్రతి ఆదివారం ఉన్నాయి.

(ఇక్కడ ఒక పిట్టకథ. ఏ సంఘమో చెప్పను. ఆస్తి మీద రెండు వర్గాలై ఏళ్ల తరబడి కోర్టులో ఉన్న సంఘం ఒకటి ఉంది. మే నెలలో అక్కడ రెండు వర్గాలూ ప్రపంచ శాంతి కోసం ఉపవాస ప్రార్థన పెట్టాయి. వేరువేరు రోజుల్లో.)

ఆ కూడికలో అసలు చర్చ మొదలైంది ఇరాక్ దగ్గర. 1984లో స్ట్రాస్‌బర్గ్‌లో జరిగిన ప్రపంచ మెనొనైట్ సభలో రాన్ సైడర్ అనే ఆయన తన వాళ్లనే నిలదీశాడు. సైనికులు ప్రాణాలకు తెగించి యుద్ధానికి వెళ్తున్నారు, శాంతి అనే మనం దేనికి తెగించాం అని. ఆ మాట పట్టుకుని 1986లో క్రిస్టియన్ పీస్‌మేకర్ టీమ్స్ అనే సంస్థ పెట్టారు. ఆయుధం లేకుండా గొడవ ఉన్న చోటికి వెళ్లి ఉండాలి. బెదిరింపు ఉన్నవాళ్లతో కలిసి నడవాలి, జరిగింది రాసిపెట్టాలి. ఇరాక్‌లో అమెరికా సైన్యం పట్టుకుపోయినవాళ్ల కుటుంబాలతో కూర్చుని వివరాలు సేకరించారు. 2005 నవంబరులో బాగ్దాద్‌లో వాళ్ల బృందంలో నలుగురిని కొందరు సాయుధులు ఎత్తుకుపోయారు. అమెరికా నుంచి వచ్చిన టామ్ ఫాక్స్ క్వేకరు, అంటే యుద్ధం వద్దనే ఇంకో క్రైస్తవ శాఖవాడు. జేమ్స్ లోనీ కెనడా వాడు. హర్మీత్ సింగ్ సూడెన్‌కు మన దేశపు మూలాలున్నాయి. నాలుగో ఆయన నార్మన్ కెంబర్, 74 ఏళ్ల రిటైర్డ్ ప్రొఫెసరు, లండన్ దగ్గరి బాప్టిస్టు సంఘస్థుడు. దాదాపు నాలుగు నెలలు బందీలుగా ఉన్నారు. 2006 మార్చిలో టామ్ ఫాక్స్‌ను చంపేశారు. మిగిలిన ముగ్గురిని అదే నెల 23న బ్రిటిష్ ప్రత్యేక దళాలు ముందుండి విడిపించాయి.

నేను ఊపిరి తీసుకునేలోపే ఒక కుర్రాడు లేచాడు. బీటెక్ మూడో సంవత్సరం, డిఫెన్సు పరీక్షలకు చదువుతున్నాడు.

"మేడం, ఆయుధం వద్దన్నవాళ్లను చివరికి కాపాడింది ఆయుధం ఉన్నవాళ్లే కదా?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ప్రశ్న సరైనదే. ఆ రోజుల్లో ఇంగ్లండులో పత్రికలు కూడా కెంబర్‌ను ఇదే అడిగాయి, సైనికులకు కృతజ్ఞత సరిగ్గా చెప్పలేదని దులిపేశాయి. నేను చెప్పింది ఇంతే. అవును, సైనికులు విడిపించారు, అందులో దాచాల్సింది లేదు. ఆ రోజు ఒక్క తూటా కూడా పేలలేదన్నది ఒక సంగతి. ఆ ఏడాది డిసెంబరులో ఆ ముగ్గురూ లండన్‌లో ప్రెస్‌మీట్ పెట్టి, తమను బంధించినవాళ్లను క్షమించామని, వాళ్లకు మరణశిక్ష వేయొద్దని చెప్పారన్నది ఇంకో సంగతి. తమ స్నేహితుణ్ని చంపినవాళ్ల గురించి ఆ మాట అన్నారు. "క్షమించే పని మిషిన్ గన్ చేయలేదురా. ఆ పని వాళ్లు చేశారు, విడిపించే పని సైనికులు చేశారు. ఇప్పుడు సైనికుల పనికి పరీక్షలున్నాయి, కోచింగు సెంటర్లున్నాయి. ఈ పనికి మన సంఘంలో ఏముంది?" అన్నాను. కుర్రాడు కూర్చున్నాడు, ఒప్పుకున్నట్టు మాత్రం లేడు. ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు.

క్షమించడం దగ్గర ఒక ప్రమాదం ఉంది. దాని గురించి చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. 1985 జులై 17. కారంచేడు. అప్పట్లో అది మన జిల్లాయే, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. ఊరి భూస్వాములు ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్లను పాడు చేశారు. చనిపోయినవాళ్లలో బైబిలు పేర్లున్నవాళ్లు ఉన్నారు. మిగిలినవాళ్లు చీరాలకు పారివచ్చి శిబిరంలో ఉన్నారు. మా ఆయన మేనమామది చీరాల. ఆయన శిబిరానికి బియ్యం మోసినవాడు. ఆయన చెప్పేవాడు, అక్కడికి వచ్చే పెద్దమనుషుల్లో కొందరు "జరిగిందేదో జరిగింది, మీరు క్రీస్తు బిడ్డలు, క్షమించి ఊరికి పొండి" అనేవాళ్లని. ఊరికి పోతే మళ్లీ ఎవరి పొలంలో కూలికి పోవాలో వాళ్లకు తెలుసు. వాళ్లు పోలేదు. చీరాలలోనే ఉండిపోయారు, కాలనీ కట్టించుకున్నారు, దళిత మహాసభ పుట్టింది, కేసు నడిపారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. 23 ఏళ్లు.

గాయాన్ని పైపైన మాన్పి సమాధానం సమాధానం (అంటే శాంతి శాంతి) అనేవాళ్ల మీద యిర్మీయా ప్రవక్త మండిపడ్డాడు. ఆ మాట మన ప్రసంగాల్లో చాలా తక్కువగా వినపడుతుంది. దెబ్బ తిన్నవాడి దగ్గరికి వెళ్లి రాజీ పడమనడం సులువు, కొట్టినవాడి గడప తొక్కి నువ్వు చేసింది తప్పనడం కష్టం. శాంతి పేరు చెప్పి మన సంఘాలు ఎక్కువగా ఏ గడపకు వెళ్లాయో నేను రాయనక్కర్లేదు. చీరాల వెళ్లినవాళ్లను గొడవకారులన్నారు. నా లెక్కలో వాళ్లు చేసింది కూడా శాంతి పనే. మళ్లీ అలాంటిది చేయాలంటే భయపడే పరిస్థితి తెచ్చారు.

స్త్రీల సమాజంలో ఇదంతా చెప్పలేదు, అక్కడ ఆఫ్రికాలోని లైబీరియా కథ చెప్పాను. ఆ దేశ రాజధాని మన్రోవియాలో సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చి. 1990లో అంతర్యుద్ధానికి భయపడి అందులో తలదాచుకున్నవాళ్లను సైనికులు రాత్రిపూట వచ్చి చంపారు. దాదాపు 600 మంది. అదే చర్చి ఆవరణలో 2003లో లేమా బోవీ అనే లూథరన్ ఆమె, చర్చి ఆడవాళ్లు కలిసి యుద్ధం ఆపాలని మొదలుపెట్టారు. ముస్లిం ఆడవాళ్లు కూడా వచ్చారు. అందరూ తెల్లబట్టలు కట్టుకుని అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కాన్వాయ్ పోయే దారిలో, చేపల మార్కెట్ పక్కన మైదానంలో కూర్చున్నారు. ఎండలో, వానలో. చేపల మార్కెట్ అనగానే కొత్తపట్నం నుంచి వచ్చే ఒకామె ముందుకు జరిగి కూర్చుంది. చర్చలు ఘనా రాజధాని అక్రాలో మొదలయ్యాయి. నాయకులు హోటళ్లలో తిని పడుకుని వాయిదాలు వేసుకుంటుంటే ఈ ఆడవాళ్లు అక్కడికీ వెళ్లి, హాలు తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. సంతకం అయ్యేదాకా ఎవరూ బయటికి రాకూడదన్నారు. కాపలావాళ్లు పట్టుకోబోతే బోవీ బట్టలు విప్పేస్తానని బెదిరించింది. తల్లి వయసు ఆడది అలా చేస్తే అక్కడ శాపమని నమ్మకం. కాపలావాళ్లు వెనక్కి తగ్గారు. ఆగస్టులో టేలర్ దేశం వదిలాడు, ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

"టీ ఎవరిచ్చారమ్మా వాళ్లకు అన్నాళ్లు?" అని అడిగింది మా పెద్దామె, మేలో నాతో గొడవపడ్డ ఆమె. నాకు చాలా నచ్చిన ప్రశ్న అది. అంతమంది ఆడవాళ్లు మైదానంలో కూర్చుంటే వంట ఎవరు చేశారు, పిల్లల్ని ఎవరు చూశారు, చార్జీలు ఎవరిచ్చారు, ఇంటి మగవాళ్లు ఏమన్నారు? శాంతి ఎలా వస్తుందో తెలుసుకోవాలంటే అడగాల్సినవి ఇవే. మా సమాజంలో వంట, చందా, చాపలు, వంతుల లెక్క అందరికీ వచ్చు. ఆ మాటే చెప్పాను.

గిద్దలూరు ఆమె కొడుకు సెలవు మీద వచ్చి వెళ్లాడు. సంఘానికి వచ్చి వెనక కూర్చున్నాడు. సాక్ష్యం చెప్పమని అయ్యగారు మైకు ఇవ్వబోతే, "ఇంకోసారి అయ్యగారూ" అని తప్పించుకున్నాడు. వాళ్లమ్మ మాత్రం ఇప్పుడు కూడా చీటీ ఇస్తోంది. కొడుకు పేరు కింద అతనితో పనిచేసే ఇంకొందరి పేర్లు కూడా రాస్తోంది. పంజాబీ పేర్లు, తమిళ పేర్లు, ఒక నాగా పేరు. ఆ నాగా పేరు పలకడం మాకు ఎవరికీ రాదు, తలా ఒక రకంగా పలుకుతాం.

వచ్చే నెల యువజనుల కూడిక మళ్లీ ఉంది. ఈసారి నేను ఒక్కదాన్నే మాట్లాడను. మా మరిదిని కూడా రమ్మన్నాను. "వదినా, నువ్వు చెప్పేదాంట్లో సగం నేను ఒప్పుకోను, అందరి ముందూ ఆ మాటే చెబుతా" అన్నాడు. చెప్పమన్నాను. బీటెక్ కుర్రాడు ఈ వార్త విని ఇద్దరు స్నేహితుల్ని తెస్తానన్నాడట. మొదటి అరగంట మరిదికి, తర్వాత అరగంట నాకు, ఆ తర్వాత ఎవరైనా ఏమైనా అడగొచ్చు. టిఫిను స్త్రీల సమాజానిది. ఉప్మా వద్దని మరిది ముందే షరతు పెట్టాడు.